రాయి ఎండదా, ఇంటిదా?

వరంగల్ దిక్కు ఏ ఇంట్లో అడిగినా కిడ్నీలో రాళ్లకు ఒకటే జవాబు: "ఎండలు బిడ్డా, నీళ్లు సరిగా తాగలే." భూపాలపల్లి, రామగుండం గనుల్లో దిగేవాళ్లు, మే నెలలో కల్లాల దగ్గర నిలబడేవాళ్లు ఆ మాటంటే కాదనలేం. చెమట ఎక్కువ పోతే మూత్రం చిక్కబడి, అందులోని క్యాల్షియం, ఆక్సలేట్ (పాలకూర లాంటి వాటిలో ఉండే, ఒంట్లోనూ తయారయ్యే పదార్థం) గడ్డకడతాయి. మరి ఏసీలో కూర్చుని పనిచేసే మన డాలస్ కుర్రాడికి ముప్పై ఏళ్లకే రాయి వస్తే?

అమెరికాలో మగ కవలల మీద జరిగిన అధ్యయనంలో, ఒకరికి రాళ్లు రావడానికీ మరొకరికి రాకపోవడానికీ మధ్య తేడాలో దాదాపు 56 శాతం జన్యువుల వల్లేనని తేలింది. ఇంట్లో ఎవరికైనా రాళ్లుంటే మగవాళ్లకు ముప్పు రెండున్నర రెట్లని మరో పెద్ద అధ్యయనం చెప్పింది. ఇంత విలువైన సమాచారం మన ఇళ్లలోనే ఉంది, కానీ డాక్టర్ ముందు నోరు విప్పం. ఫ్యామిలీ హిస్టరీ అడిగితే షుగర్, బీపీ చెప్పి ఊరుకుంటాం. హన్మకొండలో బాబాయికి రెండుసార్లు ఆపరేషన్ అయిందని, మేనత్త కొండపిండి కూర, ఉలవచారు మీదే ఏళ్లు నెట్టుకొచ్చిందని గుర్తే రాదు. సంబంధాలు చూసేటప్పుడైతే అసలే దాస్తాం.

మేనరికాలున్న ఇళ్లలో ఈ మౌనం ఇంకా ప్రమాదం. సిస్టినూరియా (సిస్టిన్ అనే పదార్థం మూత్రంలోకి ఎక్కువగా పోయి రాళ్లు కట్టే జబ్బు), ప్రైమరీ హైపరాక్సలూరియా లాంటి జబ్బులు చాలావరకు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి లోపమున్న జన్యువు వస్తేనే బయటపడతాయి. తల్లిదండ్రులిద్దరూ ఆరోగ్యంగానే కనిపిస్తారు. రెండో జబ్బులో ఆక్సలేట్‌ను లివరే విపరీతంగా తయారుచేస్తుంది, కొందరికి కిడ్నీలే పాడవుతాయి. అందులో మొదటి రకానికి 2020 నుంచి లుమాసిరాన్ అనే ఇంజెక్షన్ ఉంది, గుర్తిస్తేనే కదా ఇచ్చేది! పసిపిల్లకు రాయి వస్తే పాలకూర పప్పును తిట్టి వదిలేయడం నాకు మింగుడుపడదు. పైగా పాలు, పెరుగు మాన్పిస్తారు. అది తిరగబడుతుంది: తిండిలోని క్యాల్షియం పేగుల్లోనే ఆక్సలేట్‌ను పట్టి బయటికి పంపుతుంది.

అందరూ జీన్ టెస్టులకు పరుగెత్తాలని నేననను. చిన్న వయసులో వచ్చినా, మళ్లీ మళ్లీ వస్తున్నా అడగాలి. అంతకంటే ముందు ఇంటికి ఫోన్ చేసి ఎవరికి, ఏ వయసులో, ఎన్నిసార్లని రాసుకోవాలి. పడిన రాయిని పారేయకుండా ల్యాబ్‌కు పంపమనాలి. సిస్టిన్ రాయో, యూరిక్ యాసిడ్ రాయో తేలితే మందు, తిండి రెండూ మారతాయి.

ఇంకొకటి, విటమిన్ డి. చలి దేశాల్లో ఉన్న మనం డబ్బాలకు డబ్బాలు మింగుతున్నాం. సీవైపీ24ఏ1 అనే జన్యువులో లోపమున్నవాళ్ల ఒంట్లో ఆ విటమిన్ సరిగా విరిగిపోక పేరుకుంటుంది, రక్తంలో క్యాల్షియం పెరిగి రాళ్లకు దారితీస్తుంది. అలాంటివాళ్లు అరుదే. అయినా ఇంటినిండా రాళ్ల చరిత్ర ఉంటే, పెద్ద డోసు మొదలుపెట్టే ముందు ఆ సంగతి డాక్టర్ చెవిన వేసి, క్యాల్షియం ఒకసారి చూపించుకోండి.