సైకిల్ తొక్కే గంటలు ఇంట్లో ఎవరి ఖాతాలోంచి వస్తున్నాయి?

ఉద్యోగం చేసుకుంటూ సైకిల్ రేసులకు, బ్రెవేలకు (నిర్ణీత దూరాన్ని గడువులోపు పూర్తిచేయాల్సిన లాంగ్ రైడ్లకు) తయారయ్యేవాళ్లు నలుగురు కలిస్తే మాటలన్నీ బండి చుట్టూనే తిరుగుతాయి. కార్బన్ ఫ్రేమా, అల్యూమినియమా? పవర్ మీటర్ కొనాలా, హార్ట్‌రేట్ బెల్టు సరిపోతుందా? వీటికి డబ్బు పెడితే జవాబు దొరుకుతుంది. డబ్బు పెట్టినా దొరకనిది టైమ్. ఆ టైమ్ మన ఒక్కరిదే కాదు, ఇంట్లోవాళ్లది కూడా. ఈ సంగతి మాత్రం మన సైక్లింగ్ క్లబ్బుల్లో దాదాపు ఎవరూ ఎత్తరు.

బ్రెవేల లెక్కే చూద్దాం. ఫ్రాన్స్‌లోని ఆడాక్స్ క్లబ్ పారిసియన్ నియమాల ప్రకారం 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కు 20, 400కు 27, 600కు 40 గంటలు గడువు. ఒకే సీజన్‌లో నాలుగూ పూర్తిచేసినవాళ్లను సూపర్ రాండన్యూర్ అంటారు. గడువులన్నీ కలిపితే నూరు గంటలు దాటతాయి. శనివారం ఉదయం ఆరింటికి 600 మొదలుపెడితే ఆదివారం రాత్రి పదింటిదాకా గడువుంటుంది. అయినా ఇంటికి బరువయ్యేది ఈ నాలుగు వారాంతాలు కాదు. అలాంటివి ముందే చెప్పి ఏర్పాటు చేసుకోవచ్చు. బరువంతా వాటికి కాళ్లను సిద్ధం చేసుకునే నెలల్లో ఉంటుంది.

హైదరాబాద్ లాంటి ఊళ్లో రోడ్డు మీద కాస్త నిశ్చింతగా తొక్కగలిగేది తెల్లవారుజామున నాలుగున్నర నుంచి ఏడింటిదాకా. ఆ తర్వాత ట్రాఫిక్, మార్చి దాటితే దానికి ఎండ తోడు. సరిగ్గా ఆ గంటల్లోనే ఇంట్లో టిఫిన్ తయారవ్వాలి, లంచ్ బాక్సులు కట్టాలి, పిల్లల్ని లేపి స్కూల్ బస్సు ఎక్కించాలి. యూరప్‌లో చాలాచోట్ల వేసవిలో రాత్రి తొమ్మిదింటిదాకా వెలుతురుంటుంది కాబట్టి ఆఫీసయ్యాక కూడా రెండు గంటలు తొక్కొచ్చు. ఆ దేశాల ఉద్యోగుల కోసం రాసిన ట్రైనింగ్ ప్లాన్‌ను మనం డౌన్‌లోడ్ చేసి యథాతథంగా పాటిస్తే, ఆ గంటలు పడేది ఇంటిపని అంతా ఒక్కసారిగా మీదపడే వేళ మీద. గండిపేట చుట్టూ భర్త హాయిగా తొక్కి వస్తున్నాడంటే, ఆ పూట ఇద్దరి పనీ భార్య ఒక్కతే చేస్తోందన్నమాట. చాలా ఇళ్లలో ఇది గొడవగా బయటపడదు. అందుకే ఏళ్ల తరబడి ఎవరికీ కనబడకుండా సాగిపోతుంది.

2017లో రేస్ అక్రాస్ అమెరికాను, అంటే అమెరికాను ఈ తీరం నుంచి ఆ తీరందాకా దాటే సైకిల్ రేసును, ఒంటరిగా పూర్తిచేసిన తొలి భారతీయులు లెఫ్టినెంట్ కల్నల్ శ్రీనివాస్ గోకులనాథ్, డాక్టర్ అమిత్ సమర్థ్. ఒకరు సైన్యంలో డాక్టర్, ఇంకొకరు నాగ్‌పూర్ డాక్టర్. సుమారు 4,900 కిలోమీటర్ల దూరం, పన్నెండు రోజుల గడువు. వృత్తి చేసుకుంటూనే ఇంతటి రేసుకు తయారుకావచ్చని చెప్పడానికి మనం వాళ్ల పేర్లే తలుచుకుంటాం, తలుచుకోవాలి కూడా. అయితే ఆ రేసులో రైడర్ వెంట వాహనంలో క్రూ, అంటే సాయం చేసే బృందం, ఉండటం నిబంధన. తిండి, నీళ్లు, దారి, నిద్ర అన్నీ వాళ్లే చూస్తారు. మన ఇళ్లలో ఏడాది పొడవునా అలాంటి పని చేసేవాళ్లను మాత్రం క్రూగా లెక్కించం.

నిద్ర సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. ఐటీ ఉద్యోగులు రాత్రి పదకొండింటిదాకా అమెరికా క్లయింట్ కాల్స్‌లో ఉండి, నాలుగింటికి అలారం పెట్టుకుని రోడ్డెక్కుతున్నారు. దీన్ని పట్టుదల అని మెచ్చుకోవడం నాకు నచ్చదు. ట్రైనింగ్‌తో ఒళ్లు బలపడేది తొక్కుతున్నప్పుడు కాదు, తర్వాత విశ్రాంతిలో. ఆఫీసు టెన్షన్, పిల్లాడి జ్వరం, ఇంటర్వెల్స్ (మధ్యలో కాస్త తేలిగ్గా తిప్పుతూ విడతలుగా గట్టిగా తొక్కడం) అలసట, వీటన్నింటినీ మోయాల్సింది ఆ ఒక్క ఒళ్లే. ఐదు గంటలు కూడా నిద్ర లేని రోజున కఠినమైన సెషన్ మానేయడమే సరైన ట్రైనింగ్. నిద్రమత్తులో హైవే మీద తొక్కితే జరిగే ప్రమాదం గురించి వేరే చెప్పక్కర్లేదు.

మరి వారానికి ఆరేడు గంటలే ఉంటే ఏం చేయాలి? వ్యాయామ శాస్త్రవేత్త స్టీఫెన్ సైలర్ పెద్దస్థాయి అథ్లెట్లను గమనించి, వాళ్ల సెషన్లలో ఎనభై శాతం దాకా తేలికైనవే ఉంటాయని చెప్పారు. ఆ మాట మనవాళ్లలో బాగా పాకింది. కానీ ఆయన గమనించినవాళ్లు సాధన చేసే గంటలు మనకున్నవాటికి రెండుమూడు రెట్లు. అంత టైమ్ లేనివాళ్లకు మంగళ, గురువారాల్లో ఇంట్లో ట్రైనర్ (సైకిల్‌ను ఒకేచోట నిలిపి తొక్కడానికి వాడే స్టాండ్) మీద గంటలోపు సెషన్ సరిపోతుంది. వార్మప్ చేసి, కష్టంగానే ఉన్నా చివరిదాకా నిలబెట్టగలిగే వేగంతో ఎనిమిదేసి నిమిషాలు నాలుగుసార్లు తొక్కి, మధ్యలో రెండుమూడు నిమిషాలు తేలిగ్గా తిప్పాలి. ఎదురుగా పెద్ద ఫ్యాన్ తప్పనిసరి. వారాంతంలో ఒక్కరోజు మూడునాలుగు గంటల రైడ్. మిగిలిన టైమ్ ఏమైనా ఉంటే తేలిగ్గా తొక్కడానికే. దీంతో పోడియం ఎక్కుతారని హామీ ఇవ్వలేను గానీ, ఓపిగ్గా కొన్ని నెలలు చేస్తే 200, 300 బ్రెవేలు గడువులో పూర్తిచేయగలుగుతారు. ట్రైనర్ వల్ల ఇంకో లాభముంది. పిల్ల లేచి ఏడిస్తే దిగిపోవచ్చు. ఊరికి ముప్ఫై కిలోమీటర్ల అవతల ఉన్నవాడికి ఆ వీలుండదు.

ఊరు కూడా తన వంతు చేయాలి. 2023 అక్టోబరులో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మొదలైంది, పైన సోలార్ పలకల కప్పుతో. ఉద్యోగుల వైపు నుంచి చూస్తే, కార్లకు దూరంగా, ఆఫీసు అయ్యాక కూడా తొక్కగలిగే దారి ఒకటి ఏర్పడటం పెద్ద విషయం. కానీ అదంతా నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపే. ఉప్పల్‌లోనో ఎల్బీ నగర్‌లోనో ఉండేవాళ్లు సైకిల్‌ను కారుకు కట్టుకుని ఊరు దాటాలి. సాయంత్రం తొక్కగలిగే దారులు పెరిగితే తెల్లవారుజాము మీద ఒత్తిడి తగ్గుతుంది, ఇంటి మీద కూడా.

బ్రెవే స్టార్ట్ దగ్గర ఆడవాళ్లు ఎందుకంత తక్కువంటే మనవాళ్లు భద్రత గురించి చెబుతారు. చీకటి రోడ్ల భయం నిజమే. కానీ భద్రమైన రోడ్డున్నా, ఆ వేళకు ఇంట్లోంచి బయటపడే వీలు ఎంతమందికుంది? భార్యాభర్తలిద్దరూ తొక్కే ఇళ్లలోనూ పొద్దుటి రైడ్ ఎక్కువగా ఆయనకే దక్కడం చూస్తుంటాను. ఆదివారం లాంగ్ రైడ్ ఒక వారం ఆయనదైతే, మరుసటి వారం ఆ పొద్దు ఆమెది. ఆమె తొక్కుతుందో, నిద్రపోతుందో, స్నేహితురాలితో కాఫీకి వెళ్తుందో ఆమె ఇష్టం. ఆ పూట టిఫిన్, పిల్లలు పూర్తిగా ఆయన బాధ్యత. ఇది ఆమె అడిగాక ఇచ్చేదిగా కాకుండా ట్రైనింగ్ ప్లాన్ రాసుకునేటప్పుడే అందులో ఉండాలి. ఫ్రాన్స్‌లో జరిగే పెద్ద బ్రెవే పారిస్-బ్రెస్ట్-పారిస్ తర్వాతిది 2027లో ఉంది. 1,200 కిలోమీటర్లు, గరిష్ఠ గడువు 90 గంటలు. దానికి సిద్ధమయ్యేవాళ్లు కోచ్ కంటే ముందు ఇంట్లోవాళ్లతో కూర్చోవాలి.

క్లబ్బులు చేయగలిగిన పనులూ ఉన్నాయి. సీజన్ క్యాలెండర్ వేసేటప్పుడు సంక్రాంతి సెలవులు, మార్చి పరీక్షలు చూసుకుని 400, 600 తేదీలు నిర్ణయించవచ్చు. స్టార్ట్ పాయింట్‌ను ఎప్పుడూ పడమటి వైపే పెట్టకుండా ఒకసారి ఉప్పల్ వైపు మార్చవచ్చు. 200 దాకా రాలేనివాళ్ల కోసం, ముఖ్యంగా చిన్నపిల్లల తల్లుల కోసం, వెలుతురొచ్చాక మొదలై మధ్యాహ్నంలోపు ముగిసే 100 కిలోమీటర్ల రైడ్లు క్రమం తప్పకుండా పెట్టవచ్చు. వాటికి వాలంటీర్లుగా నిలబడాల్సింది ఇప్పటికే సూపర్ రాండన్యూర్ మెడల్ తెచ్చుకున్న మగవాళ్లు.