‘ఏటుందక్కడ?’ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘ఏటుందక్కడ?’ గారి సముఖమునకు,

శ్రీకాకుళం నుంచి మీ పాత నేస్తం రాయునది. ఉభయకుశలోపరి. మీ కుశలానికి లోటేమీ ఉండదని తెలుసు. మా వీధి అరుగు మీద, ఆమదాలవలస స్టేషన్లో సిమెంటు బెంచీ మీద, పెళ్ళి బంతిలో సాంబారు రెండోసారి వచ్చే లోపు, ఎక్కడ చూసినా మీరే.

శాలిహుండం బౌద్ధ స్తూపాలు చూసొస్తానంటే అడిగారు. ‘ఏటుందక్కడ? పాత ఇటికలు.’ మానేశాను. మీ పప్పులు ఉడకనిది ఒక్క తేలినీలాపురంలోనే. పెలికాన్లు, కొంగలు చింతచెట్ల మీద గూళ్ళు కట్టి కింద అంతా తెల్లగా రెట్టలేసినా, పిట్టలొస్తే ఊరికి మంచిదంటారు వాళ్ళు. అక్కడ మిమ్మల్ని తీస్తే మంచినీళ్ళు కూడా పుట్టవు.

మొన్న కేరళలో సైలెంట్ వ్యాలీ నేషనల్ పార్కుకి వెళ్దామనుకున్నాం. మీరు మా బావ నోట్లోంచి ఊడిపడ్డారు. “ఏటుందక్కడ? చెట్లేగదా! మన ఉద్దానంలో లేవా చెట్లు?” (2018లో తిత్లీ తుఫాను పడగొట్టినవి పోగా ఉన్నాయి, నిజమే.) అన్నాడేగానీ, టిక్కెట్లు తియ్యగానే అందరికంటే ముందు సంచి సర్దుకున్నది బావే. మీరు టిక్కెట్టు లేకుండా ఎక్కేశారు.

విజయనగరంలో ఎక్కి పాలక్కాడులో దిగాం. ముక్కాలి దగ్గర జీపు. అక్కణ్ణించి అడవిలో 20 కిలోమీటర్ల పైచిలుకు. కీచురాళ్ళ రొద వినబడదని తెల్లవాళ్ళు ఆ పేరు పెట్టారని ఓ మాట ఉంది. బావ ఎక్కాక ఆ పేరు చెల్లలేదు. “బాబూ, పులి ఎన్నింటికొస్తాది?” అని గైడుని అడిగాడు, పలాస పాసింజరు గురించి అడిగినట్టు. గైడుకి తెలుగు రాదు. మా అదృష్టం.

జీపు ఆగే చోటు పేరు సైరంధ్రి. కింద పారే ఏరు కుంతిపుళ. వాన మొదలైంది. మా అమ్మ ఆ పేర్లు విని, తడిసిన కొంగు తల మీదికి లాక్కుని, “వానలు పడకపోతే మనూళ్ళో విరాటపర్వం చదివించేవోరు. ఇక్కడ చదవకుండానే పడతంది” అని ఏటికి దండం పెట్టింది. అంతసేపూ మీరు కిక్కురుమనలేదు. నాకు బాగా గుర్తు.

తర్వాత జలగ. బావ సాక్సు మీద, అగ్గిపుల్లంత. తల ఆనించి తోకని దగ్గరికి లాక్కుంటుంది, మళ్ళీ తల చాపుతుంది, జానలతో గుడ్డ కొలిచినట్టు. మధ్యలో ఆగి, తల గాల్లోకెత్తి అటూ ఇటూ ఊపింది, వీధిలో ఇంటి నంబరు వెతికే కొరియర్ కుర్రాడిలాగ. అక్కడేముందో దానికి ఎవరూ చెప్పక్కర్లేదు. బావ పిక్క ఉంది.

ఆయన ఒంటికాలి మీద గెంతుతున్నప్పుడే గైడు పైకి చూపించాడు. సింహపు తోక కోతి. నల్లటి ఒళ్ళు, మొహం చుట్టూ నెరిసిన జూలు, తోక చివర కుచ్చు. పనసకి చుట్టంలా ఉన్న ముళ్ళకాయని చీల్చుకుని గింజలు తింటోంది. ఆ చెట్టుని అక్కడ వెడిప్లావు అంటారు. ఈ కోతులు పడమటి కనుమల్లో తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేవు. “కోతా!” అన్నాడు బావ, జలగని మరిచిపోయి. “మన డాబా మీద వడియాలు ఎత్తుకుపోయేవి ఏటవి?”

టవరెక్కితే ఎటు చూసినా పచ్చటి దొంతరలు, వాటి మీద పాకే మబ్బు. అక్కడ తమరు కొత్త కాదని అప్పుడు గుర్తొచ్చింది. 1970లలో ఆ ఏటికి అడ్డంగా కరెంటు ఆనకట్ట కడదామన్నప్పుడు మీరు ఫైళ్ళెక్కి వచ్చారు కదూ. మేష్టర్లు, కవులు, సైన్సు పరిషత్తు వాళ్ళు ఏళ్ళ తరబడి మీకు జవాబు చెప్పుకున్నారు. చివరికి ప్రాజెక్టు ఆగింది, 1984లో నేషనల్ పార్కయింది, మరుసటేడు రాజీవ్ గాంధీ వచ్చి ప్రారంభించారు.

మన జిల్లాలో మీకు జవాబు చెప్పడం అంత తేలిగ్గా పోలేదు. సోంపేట బీలలో, అంటే ఆ చిత్తడి నేలల్లో, థర్మల్ ప్లాంటన్నప్పుడు కూడా మీరే: ‘ఏటుందక్కడ? బురద, తుంగ.’ చేపలున్నాయి, పొలాలకి నీళ్ళున్నాయి అని అడ్డం నిలబడ్డ జనం మీద 2010 జులై 14న కాల్పులు జరిగాయి. ప్రాణాలు పోయాయి. ఆవేళ మీ పక్కన కూర్చుని టీ తాగినవాళ్ళలో నేనూ ఉన్నాను. బీల ఎలా ఉంటుందో అప్పటికి నేను చూడలేదు కూడా.

అడవి నుంచి తిరిగొచ్చిన మర్నాడు టీ బడ్డీ దగ్గర ఎవరో బావని అడిగారు, “ఏటుందక్కడ?” అని. బావ గ్లాసు బల్ల మీద పెట్టి, ప్యాంటు మోకాలి దాకా మడిచి, పిక్క మీద ఎర్రటి మచ్చ చూపించాడు. “ముందు ఇది సూడు” అని మొదలెట్టాడు. కోతి దగ్గరికొచ్చేసరికి తోక కుచ్చు ఎంతుందో చేత్తో కొలిచి చూపిస్తున్నాడు. టీ చల్లారిపోయింది, ఇంకోటి చెప్పాం.

వచ్చే ఆదివారం బీలకి పోదామంటున్నాడు. ఆటోలో జాగా లేదు, తమరు ఇంటి దగ్గరే ఉండగలరు.

ఇట్లు,
మీతో చాలాకాలం తిరిగినవాడు