ఒక్కసారిగా కాదు, అర చెంచా చొప్పున

చక్కెర ఒక్క రోజులో పూర్తిగా మానేయాలని ఒక వ్యాసంలో చదివాను. అది అందరికీ కుదరదండీ. నేను రెండుసార్లు అలా మానేసి, నాలుగో రోజుకే మళ్లీ మొదలుపెట్టాను. మూడోసారి టీలో రెండు చెంచాలను ఒకటిన్నర చేశాను, పది రోజులయ్యాక ఒకటి, ఆ తర్వాత అర. ఇప్పుడు మునుపటి టీ నోట్లో పెట్టుకుంటే వెగటు పుడుతోంది. నాలుక నిజంగానే మారుతుంది!

పొద్దున ఏమీ తినకపోతే సాయంత్రం నాలుగింటికి తీపి మీదకు ప్రాణం లాగుతుంది. గుడ్డు తిన్న రోజు ఆ యావ ఉండదు, నా వరకు.

చక్కెర రోజుకు 25 గ్రాములు, అంటే దాదాపు ఆరు చెంచాల లోపు ఉంటే మరీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. 330 మిల్లీలీటర్ల కోలా డబ్బా ఒక్కదాంట్లోనే 35 గ్రాముల దాకా ఉంటుంది. సాస్ సీసా వెనక డెక్స్‌ట్రోజ్, కార్న్ సిరప్ అని ఉన్నా అదీ చక్కెరే, దయచేసి చదివి కొనండి.