నిలబెట్టి తిప్పిన ఘనచరిత్ర

మానవజాతి వినోద చరిత్రను రాసే పండితులు ఉయ్యాల, రంగులరాట్నం, గుర్రపు స్వారీల దగ్గరే ఆగిపోతున్నారనీ, కూర్చోవలసిన చోట మనిషిని నిలబెట్టి టికెట్టు వసూలు చేసిన మహత్తర ఆవిష్కరణకు తగిన స్థానం కల్పించడం లేదనీ ఈ వ్యాసకర్తకు చాలాకాలంగా బాధగా ఉంది. ఆ లోటు తీర్చడానికి అమెరికాలో ఒహాయో రాష్ట్రం, శాండస్కీ పట్టణం, ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న సీడార్ పాయింట్ పార్కునూ, అక్కడ 1996లో వెలసి, ఎత్తుపల్లాల పట్టాల మీద జనాన్ని నిలబెట్టి తిప్పిన మాంటిస్ అనే రోలర్ కోస్టర్‌నూ పరిశీలించడం అవసరం.

మనిషిని నిలబెట్టి తిప్పాలన్న ఈ సిద్ధాంతానికి ఆద్యులు సీడార్ పాయింట్ వారు కారు. జపానుకు చెందిన టోగో కంపెనీ తయారుచేసిన కింగ్ కోబ్రా 1984లోనే అదే రాష్ట్రంలోని కింగ్స్ ఐలాండ్ పార్కులో జనాన్ని నిలబెట్టి తిప్పింది. తర్వాత స్విట్జర్లాండుకు చెందిన బోలిగర్, మాబిలార్ అనే ఇద్దరు ఇంజనీర్ల సంస్థ రంగంలోకి దిగి, 1990లో తన మొట్టమొదటి కోస్టర్‌నే కుర్చీలు లేకుండా కట్టింది. మాంటిస్ కూడా ఆ సంస్థ చేతి పనే. కోటీ ఇరవై లక్షల డాలర్ల ఖర్చు, 145 అడుగుల ఎత్తు, 3,900 అడుగుల పట్టాలు, గంటకు 60 మైళ్ల వేగం, నాలుగుసార్లు తలకిందులు. ప్రారంభమైన నాటికి నిలబెట్టి తిప్పే కోస్టర్లలో ఇంతకన్నా ఎత్తయినదీ, వేగవంతమైనదీ, పొడవైనదీ మరొకటి లేదు. ఎత్తు రికార్డును మరుసటి ఏడాదే కెంటకీలోని చాంగ్ అనే కోస్టర్ ఎగరేసుకుపోయింది గనుక, ఆ కీర్తిని ఆస్వాదించడానికి యాజమాన్యానికి పెద్దగా వ్యవధి దొరకలేదు.

ఇక యంత్రాంగం. ప్రయాణికుడు పెట్టెలోకి ఎక్కి నిటారుగా నిలబడతాడు. రెండు కాళ్ల మధ్యకు సైకిల్ సీటు లాంటిదొకటి వస్తుంది, భుజాల మీదికి బరువైన పట్టీ దిగుతుంది, మనిషి ఎత్తును బట్టి ఆ మొత్తం అమరిక ఒకచోట బిగుసుకుంటుంది. బిగుసుకునే క్షణంలో మోకాళ్లు కొద్దిగా వంచి ఉంచినవాడు వివేకి. అటెన్షన్‌లో నిలబడ్డ క్రమశిక్షణాపరుడికి ఆ సైకిల్ సీటు తర్వాత చేయబోయే ఉపచారాన్ని సభ్యసమాజంలో వివరించడం కుదరదు. మలుపు మలుపుకూ పట్టీ తలను కుడి ఎడమలకు సమానంగా వాయిస్తుంది, లూపుల్లో దేహభారమంతా పాదాల మీద పడుతుంది. మన బడుల్లో ఎక్కం అప్పజెప్పని పిల్లవాడిని బెంచీ ఎక్కించి ఉచితంగా అమలు చేసిన శిక్షకు స్విస్ సాంకేతికత జోడిస్తే ఎంత విలువ పెరుగుతుందో దీన్నిబట్టి గ్రహించవచ్చు. పైగా, ఎండలో వరుసలో నిలబడి నిలబడి వచ్చినవారికి బహుమానంగా మరో రెండున్నర నిమిషాలకు పైగా నిలబడే అవకాశం కల్పించడంలో ఉన్న ఔచిత్యాన్ని ఏ విమర్శకుడూ గుర్తించినట్టు లేదు.

నామకరణం విషయంలో కూడా యాజమాన్యం చూపిన సున్నితత్వం ప్రశంసనీయం. మొదట బాన్షీ అని ప్రకటించారు. అది ఐర్లండ్ జానపద గాథల్లో చావు కబురు ముందుగా ఏడ్చి చెప్పే ఆడ దయ్యం కనుక అశుభమని తలచి, సంగమ వేళ మగపురుగును నమిలి మింగే అలవాటున్న కీటకం పేరు పెట్టారు. వదిలేసిన దయ్యాన్ని అదే మాతృసంస్థ 2014లో కింగ్స్ ఐలాండ్‌లోని మరో కోస్టర్‌కు నిక్షేపంగా తగిలించింది. పద్దెనిమిదేళ్లలో మృత్యువు శుభప్రదంగా మారిందో, లేక శకునం పార్కును బట్టి ఉంటుందో పంచాంగకర్తలే తేల్చాలి.

అదే 2014 అక్టోబరులో మాంటిస్‌కు వీడ్కోలు పలికారు. మరుసటి ఏడాది అవే పట్టాల మీద రూగరూ వచ్చింది. లూసియానా ఫ్రెంచి కథల్లోని తోడేలు మనిషి పేరిట, సరికొత్త పెట్టెలతో, అన్నిటికన్నా ముఖ్యంగా కుర్చీలతో వచ్చింది. చరిత్రలో కుర్చీ కోసం జరిగిన పోరాటాల్లో, పార్టీ మారకుండా, నిరాహారదీక్ష లేకుండా ప్రజలే నెగ్గినది బహుశా ఇదొక్కటే. అయితే ఏ ప్రభువూ ఊరికే వరమివ్వడు. కుర్చీ ఇచ్చిన చేత్తోనే నేలను లాక్కున్నారు: స్టేషన్ దాటబోయే ముందు కాళ్ల కింది పలక తప్పుకుంటుంది, పాదాలు గాల్లో వేలాడతాయి. 1996లో కుర్చీ లేకపోవడం కొత్తదనమైతే, 2015లో కుర్చీ ఉండటం కొత్తదనం. రెండు సందర్భాల్లోనూ పట్టాలు అవే, ఉత్సాహంగా వరుస కట్టిన జనమూ దాదాపు వారే. ఈ సంస్కరణ త్వరలోనే పాకింది. కాలిఫోర్నియాలో నిలబెట్టి తిప్పే వోర్టెక్స్ అనే కోస్టర్‌కు 2017లో ఆసనయోగం పట్టింది. స్విస్ సంస్థ తొలి సంతానం కూడా, చికాగో సమీపం నుంచి మేరీలాండ్‌కు వలసపోయి, 2019లో కూర్చుంది.

సిద్ధాంతం ఓడిపోయిందని ఎవరైనా సంబరపడితే అది తొందరపాటే. 2023లో ఒర్లాండోలోని సీవరల్డ్ పార్కులో అదే సంస్థ పైప్‌లైన్ అనే కోస్టర్‌ను కట్టి, ప్రయాణికులను మళ్లీ నిలబెట్టింది. ఈసారి దానికి సర్ఫింగ్ అని పేరు. ఆసనం ప్రయాణికుడితో పాటే పైకీ కిందికీ కదులుతుంది కాబట్టి, తాను నిలబడి ఉన్నాడో కూర్చుని ఉన్నాడో అతడికీ తేలదు, దిగాక ఫిర్యాదు రాసుకునే గుమాస్తాకూ తేలదు.