పాతాళవాసి పెట్రోలు ట్యాంకు గారికి

మహారాజశ్రీ భూగర్భ పెట్రోలు ట్యాంకు గారికి, నమస్కరించి రాయునది ఏమనగా:

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. కానీ కుశలం మీ ఒక్కరిదే అయింది. ఆ రోజు పొద్దున క్రేన్ వచ్చింది, సాయంత్రానికల్లా మిమ్మల్ని పైకి లేపి, లారీ ఎక్కించి, పాత ఇనుముకి సాగనంపారు. తమరు ఖాళీ చేసి వెళ్లారు గానీ సామానంతా ఇక్కడే వదిలేశారు. ఆ సామానుకి కాపలా నేను. ఇది ఎనిమిదో ఏడు. ఏలినాటి శని కూడా ఏడున్నరేళ్లకి వదిలిపోతాడు.

మిమ్మల్ని పైకి తీసిన రోజు నేనక్కడే ఉన్నాను. అందరూ పొట్టమీద పెద్ద బొక్క కోసం వెతికారు. తీరా చూస్తే చిల్లు అడుగున, సరిగ్గా నింపే గొట్టం కింద, గుండుసూది తలంత. రోజూ సరుకెంతుందో చూడ్డానికి దించే డిప్ రాడ్ మొన తగిలే చోటు అది. ఏళ్ల తరబడి అక్కడే టక్కున కొట్టి, ఆ చోటు అరిగి, తుప్పు పట్టి, చివరికి చిల్లు పడింది. అంటే ఎంత పోతోందో కొలిచీ కొలిచీ మేమే పోయేలా చేశామన్నమాట. అక్కడో చిన్న ఇనుప రేకు అడ్డం వేసి ఉంటే సరిపోయేది.

ఆ చిల్లులోంచి సెకనుకో బొట్టు చొప్పున వేసుకోండి. రోజుకి నాలుగు లీటర్ల పైచిలుకు, ఏడాదికి పదిహేను వందల లీటర్లు. దానికి బంకు రిజిస్టరులో ఎన్ని పేర్లు! ఎండకి ఆవిరైంది. ట్యాంకరువాడు తక్కువ పోశాడు. పంపు ఎక్కువ కొట్టింది. చలికి కుంచించుకుపోయింది. (ఎండనీ చలినీ ఒకే నెలలో రాసిన పేజీ నా కళ్లారా చూశాను.) ‘తరుగు’ అనే ఒక్క మాట మీకు చేసిన సేవ తుప్పు కూడా చెయ్యలేదు. మీ గుట్టు బయటపెట్టింది రిజిస్టరు కాదు, పొరుగింటావిడ. బిందెలో నీళ్లు పెట్రోలు వాసనొస్తున్నాయంది.

అమెరికాలో మీ జాతి కోసం 1984లో చట్టమే చేశారు, 1988లో నియమాలు రాశారు, పాత ట్యాంకులన్నీ బాగుపడాలని పదేళ్ల గడువిచ్చారు. 1984 నుంచి అక్కడ బయటపడ్డ లీకులు అయిదు లక్షల పైమాటే. మీలో కారేవాళ్లని ‘లీకింగ్ అండర్‌గ్రౌండ్ స్టోరేజ్ ట్యాంక్’ అంటారు, పొడి అక్షరాలు కలిపితే ‘లస్ట్’. అరిషడ్వర్గంలో మొదటివాడి పేరు సర్కారు దస్త్రాల్లోకెక్కింది. ఆ నియమాల్లోనే ఇంకో ముచ్చట: లెక్కల పుస్తకంతో లీకు పట్టే పద్ధతిలో, నెల అమ్మకంలో ఒక శాతం, ఆపైన 130 గ్యాలన్లు, అంటే 490 లీటర్ల దాకా తేడా ఉన్నా చూసీచూడనట్టు పోవచ్చు. తమరి బొట్టు నెలకి నూట ముప్ఫై లీటర్లే. ఎంత పద్ధతైన మనిషండీ మీరు!

చాప కింద నీరులా అంటారు. మీది నీటి మీద చాప. పెట్రోలు నీటికన్నా తేలిక కదా, మట్టి దాటి భూగర్భజలం దాకా దిగి, దానిమీద పరుచుకుని పడుకుంది. పడుకున్నది పడుకోక, తనలోని బెంజీన్ అనే విషాన్ని కొంచెం కొంచెంగా కింది నీటిలోకి వదులుతుంది. తాగే నీటిలో బెంజీన్ లీటరుకి 10 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. నూటికి ఒక పాలు బెంజీన్ ఉన్న పెట్రోలు ఒక్క లీటరు తీసుకుని కాగితం మీద లెక్కేస్తే, ఎనిమిది లక్షల లీటర్ల నీటిని ఆ గీత దాకా తేగలదు. గాలి శుభ్రపడాలని పెట్రోల్లో ఎంటీబీఈ అనే రసాయనం కలిపిన రోజుల్లో ఇంకా ఘోరం. అది నీటితో పాటే పరుగెత్తింది, 1996లో కాలిఫోర్నియాలోని శాంటా మోనికా ఊరి తాగునీటి బావులు మూయించింది.

ఇల్లు కాలాక బావి తవ్వినట్టు అని లోకం వెక్కిరిస్తుంది. నా ఉద్యోగం అచ్చంగా అదే. మీరు కారాక పదకొండు బావులు తవ్వాం, ఒక్కదాన్లో నీళ్లూ తాగడానికి కాదు. అరచేతి వెడల్పు పీవీసీ గొట్టం, మూత తీస్తే మీ వాసన. టేపు చివర ప్రోబు దించుతాను. పెట్రోలు తగిలితే ఏకధాటిగా కూస్తుంది, నీళ్లు తగిలితే ఆగి ఆగి. రెంటి మధ్య దూరమే మీ చాప మందం. తర్వాత పరీక్షకి పంపే 40 మిల్లీలీటర్ల సీసాని నీళ్లు అంచుమీద ఉబ్బేదాకా నింపి, మూత బిగించి, తలకిందులు చేసి, వేలితో కొట్టి చూస్తాను. ఆవగింజంత బుడగ కనిపించినా ఆ సీసా పనికిరాదు. బెంజీన్ ఆ గాలిలోకి జారుకుంటుంది, మీ పోలికే మరి.

శుభ్రం చెయ్యలేదా అంటే చేశాం. మీ కింది మట్టి తవ్వి తరలించాం. రోడ్డు కింద తవ్వనివ్వరు కాబట్టి అక్కడి ఆవిర్లని బ్లోయర్‌తో పీల్చాం. నీళ్లు తోడి బొగ్గులోంచి వడగట్టాం. మట్టిలో బాక్టీరియా కూడా మిమ్మల్ని తింటోంది. ఈ మొత్తం పథకంలో జీతం అడగని ఉద్యోగులు వాళ్లే, కాస్త ఆక్సిజన్ అందిస్తే చాలు. వానలకి నీటిమట్టం పెరగ్గానే మూడో నంబరు బావిలో మీ చాప మాయమైంది. ‘గణనీయంగా తగ్గింది’ అని నివేదిక రాశారు, పంపులు ఆపారు, ఫొటో దిగారు. ఎండలకి నీరు దిగింది, మట్టి రేణువుల మధ్య ఇరుక్కున్న పెట్రోలు మెల్లగా బావిలోకి చేరింది. టేపు దించితే ఏకధాటిగా కూత. ఆ ఫొటో ఇంకా గోడమీదే ఉంది.

మళ్లీ మూడు నెలలకి వస్తాను.

ఇట్లు,
మూడో నంబరు బావి దగ్గర మోకాళ్లమీద కూర్చున్నవాడు

తా.క.: మీ గోతిలో కొత్త ట్యాంకు దించారు. రెండు గోడలది, గోడల మధ్య లీకు పట్టే సెన్సరు కూడా ఉంది. మొన్న రాత్రి మోగింది. సెన్సరే పాడై ఉంటుందని అలారం వైరు పీకేశారు.