సవరణ: ‘కొట్టు’, ‘పగలగొట్టు’ ఒక జాతి క్రియలు కావు

మొన్నటి పోస్టులో, ‘పగలగొట్టు’లో ‘కొట్టు’ ఉంది కాబట్టి రెండూ ఒకే వాక్య నిర్మాణాల్లో ఇముడుతాయని రాశాను. అది తప్పు. రూపం చూసి అర్థం తేల్చేశాను.

‘కొట్టు’ తాకిడిని చెబుతుంది, ‘పగలగొట్టు’ వస్తువు స్థితి మారిందని చెబుతుంది. భాషాశాస్త్రవేత్త చార్లెస్ ఫిల్‌మోర్ 1970లో ఇంగ్లీషు క్రియల మీద చూపిన తేడా ఇదే. తెలుగులో పరీక్షించడానికి ఒంటి భాగం ఒకటి చాలు. ‘వాణ్ణి వీపు మీద కొట్టాడు’ అంటాం. ‘పగలగొట్టు’ లాంటిదే అయిన ‘విరగ్గొట్టు’తో మాత్రం ‘వాణ్ణి కాలు మీద విరగ్గొట్టాడు’ అనం. ‘వాడి కాలు విరగ్గొట్టాడు’ అనాల్సిందే. తాకిడి క్రియకు మనిషి కర్మ కాగలడు, దెబ్బ తగిలిన చోటు ‘మీద’తో వస్తుంది. స్థితి మార్చే క్రియకు మారిన వస్తువే కర్మ.

ఇంకో తేడా: స్థితి మార్చే క్రియలకు పగులు–పగలగొట్టు, విరుగు–విరగ్గొట్టు, తెగు–తెంచు అని జంటలున్నాయి: మొదటిది వస్తువుకు జరిగేది, రెండోది ఎవరో చేసేది. ‘కొట్టు’కు అలాంటి జంట లేదు. బీచ్‌రోడ్డు గాలికి కిటికీ రెక్క ‘కొట్టుకుంది’ అన్నా అది తాకిడే, రెక్కకేమీ కాలేదు.

సింహాచలంలో కొబ్బరికాయ కొట్టామంటే పగిలినట్టే కదా అని ఒకరు అడిగారు. మంచి ప్రశ్నే. మామూలుగా అలాగే అర్థం చేసుకుంటాం, కానీ ‘మూడుసార్లు కొట్టాను, పగల్లేదు’ అంటే ఎవరికీ తేడాగా అనిపించదు. ‘పగలగొట్టాను, పగల్లేదు’ అని చూడండి, పొసగదు. ‘పగల’ అన్న ముక్కే ఫలితాన్ని వాక్యంలోకి తెస్తోంది.

పాత పోస్టులో ఆ పేరా కొట్టేశాను. పగలగొట్టలేదు.