ఆటోపే గారూ, తమరు ఎవరి కొలువులో ఉన్నారు?

మహారాజశ్రీ ఆటోపే గారి సముఖమునకు, ఒక పొదుపు ఖాతాదారు నమస్కరించి చేసుకొను విన్నపము.

ఉభయకుశలోపరి. ఒకసారి అనుమతిస్తే చాలు, గడువు వచ్చినప్పుడల్లా నా ఖాతాలోంచి డబ్బు కోసి వసూలుదార్లకు చేరవేసే తమరి క్షేమసమాచారాలు ప్రత్యేకంగా అడగవలసిన అవసరం లేదు. జీతం ఖాతాలో పడిన రెండు మూడు రోజులకే ఇంటి అప్పు వాయిదా, బీమా ప్రీమియం, సిప్ (మ్యూచువల్ ఫండులో నెలనెలా పెట్టే మదుపు), సినిమాల యాప్, పాటల యాప్, పిల్లలు ఏదో వేసవి సెలవుల్లో మొదలుపెట్టి దసరా నాటికే మానేసిన ఇంగ్లీషు పాఠాల యాప్ అంటూ వరసగా ఎస్‌ఎంఎస్‌లు వచ్చి, తమరు ఆయురారోగ్యాలతో ఉన్నారని తెలియజేస్తూనే ఉన్నాయి.

తమరి గొప్పతనాన్ని ముందుగా ఒప్పుకోవడం మర్యాద. కరెంటు బిల్లు కట్టడానికి ఎండలో క్యూ కట్టి, మన వంతు వచ్చేసరికి కౌంటరు మూసేసిన రోజులను చూసినవాళ్ళెవరూ తమరిని తేలిగ్గా తీసిపారేయలేరు. తమరు మరచిపోరు, అలసిపోరు, సెలవు పుచ్చుకోరు. 2021 ఆగస్టు 1 నుంచి, ఇలాంటి వాయిదాలను బ్యాంకు ఖాతాల్లోంచి వసూలు చేసిపెట్టే నాచ్ వ్యవస్థ ఆదివారాలూ పండుగ రోజులూ కూడా పనిచేయడం మొదలుపెట్టాక తమరికి సంక్రాంతి లేదు, ఉగాది లేదు. ఇంత విధేయుడైన సేవకుడు దొరకడం ఖాతాదారు పుణ్యమని బ్యాంకులు సెలవిస్తాయి. నా సందేహం ఒక్కటే. డబ్బు నాది, ఖాతా నాది, పిన్ నొక్కిన వేలు నాది. మరి తమరి విధేయత ఎప్పుడు చూసినా వసూలు చేసుకునేవారి వైపే ఎందుకు ఒరుగుతుంది?

తమరి వంశాన్ని తలచుకుంటే ఈ సందేహం ఇంకా బలపడుతుంది. తమరి పెద్దలు ఈసీఎస్ (ఎలక్ట్రానిక్ క్లియరింగ్ సర్వీస్) వారు 1990ల్లో రిజర్వు బ్యాంకు చలవతో వెలసినప్పుడు, ఒక కాగితం నింపి, సంతకం పెట్టి, ఆ సంతకం బ్యాంకులో ఉన్న నమూనాతో సరిపోతేనే గడప దాటేవారు. తరవాత, యూపీఐని కూడా నడిపే జాతీయ చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐ ఇంట నాచ్ గారు పుట్టారు. 2020 జూలైలో యూపీఐ ఆటోపేగా తమరు అవతరించాక కాగితమూ లేదు, సంతకమూ లేదు, నాలుగో ఆరో అంకెల పిన్ ఉంటే చాలు. రావడం ఎంత సులువైపోయిందో, పోవడం అంత కష్టమైపోయింది.

ఒక్క రూపాయి బేరం సంగతే చూడండి. "ఒక్క రూపాయికే వారం రోజులు" అని తెర నిండా మెరిసే అక్షరాలతో ఆహ్వానిస్తారు. ఒక్క రూపాయే కదా అని చూసేవారు పిన్ నొక్కుతారు. ఆ పిన్‌తో వెళ్ళింది ఒక్క రూపాయి. దాంతోపాటు తమరికి దక్కింది మాండేట్ అనే అధికారపత్రం. వారం గడిచాక నెలకు ఇన్ని వందలు అనో, మూడు నెలలకు కలిపి ఇంత అనో, "గరిష్ఠంగా" అన్న మాట పక్కన మరింత పెద్ద అంకె అనో, ఎన్నేళ్ళ తరవాతో ఉన్న ముగింపు తేదీ అనో ఆ పత్రంలో రాసే ఉంటుంది. రాయలేదని తమరిని ఎవరూ నిందించలేరు. చదవడానికి వీలుగా రాశారా అన్నదే ప్రశ్న. వినియోగదారులను మభ్యపెట్టే ఇలాంటి పన్నాగాలను కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరు 30న నోటిఫై చేసిన మార్గదర్శకాల్లో 13 రకాలుగా విడదీసి నిషేధించింది. చేరడం తేలికగా, వదిలించుకోవడం గగనంగా ఉంచే సబ్‌స్క్రిప్షన్ వల అందులో ఒకటి. తమరి పేరు అందులో లేదు. తమరు పాపం ఎప్పుడూ సాధనమే, కర్త ఎవరో మరొకరు.

రిజర్వు బ్యాంకు వారు తమరి ముక్కుకు తాడు వేయలేదని అనడం అన్యాయం. కార్డుల మీద తమరి స్వేచ్ఛావిహారానికి 2019 ఆగస్టులోనే నిబంధనలు రాశారు. గడువులు పొడిగించి పొడిగించి చివరికి 2021 అక్టోబరు 1న అమలుకు తెచ్చారు. ఆనాడు దేశమంతటా ఎన్నో చెల్లింపులు ఆగిపోయి జనం విసుక్కున్నారు గాని, నిజానికి ఖాతాదారుకు దక్కిన మంచి రోజు అదే. అప్పటి నుంచి కార్డు మీదైనా యూపీఐ మీదైనా తమరు డబ్బు కోసే ముందు కనీసం 24 గంటల గడువిచ్చి, ఎవరికి, ఎంత, ఎప్పుడు, ఎందుకు అన్న వివరాలతో కబురు పంపాలి. వద్దనుకుంటే ఆ ఒక్క కోతనో మొత్తం మాండేట్‌నో ఆపుకునే దారి చూపాలి. మొదట 5,000 రూపాయలు, 2022 జూన్ నుంచి 15,000 రూపాయలు దాటితే ప్రతిసారీ ఓటీపీయో పిన్నో అడగాలి. మ్యూచువల్ ఫండ్లు, బీమా ప్రీమియం, క్రెడిట్ కార్డు బిల్లు అన్న మూడింటికి 2023 డిసెంబరులో ఆ హద్దును లక్షకు పెంచారు. ఫాస్టాగ్ నింపుకోవడానికి మాత్రం 24 గంటల ముందస్తు కబురు అక్కరలేదని 2024 ఆగస్టులో మినహాయించారు. అది సబబే, సంక్రాంతికి విజయవాడ బయలుదేరిన కారు పంతంగి టోల్‌గేటు దగ్గర ఒక రోజు ఆగి ఎదురుచూడలేదు కదా.

అయితే ఆ 24 గంటల కబురును తమరు చేరవేసే తీరు చూస్తే ముచ్చటేస్తుంది. అది ఇంగ్లీషులో వస్తుంది. స్థలాల అమ్మకాలు, చీరల తగ్గింపులు, లోన్ మంజూరైందన్న శుభవార్తల నడుమ, చుట్టాల్లో కలిసిపోయిన దొంగలా, తలవంచుకుని వస్తుంది. కంపెనీ పేరు యాప్ పేరుతో కలవదు. మనకు తెలిసింది పాటల యాప్, కబురులో ఉండేది ఏదో ప్రైవేట్ లిమిటెడ్. కొన్నిసార్లు ఎవరూ తెరవని ఈమెయిల్‌కు పోతుంది; ఎస్‌ఎంఎస్సా ఈమెయిలా అని ఎంచుకునే హక్కు ఖాతాదారుకు ఉందన్న సంగతిని మొదటి రోజున ఎవరూ గట్టిగా చెప్పరు. ఇక నాచ్ మార్గాన వచ్చే వాయిదాలకు ఈ నిబంధన వర్తించనే వర్తించదు. అక్కడ ముందుగా చెప్పడం అప్పిచ్చినవారి దయ.

తమరి రాకపోకలకు ఇప్పుడు పంచాంగం కూడా ఏర్పడింది. 2025 ఆగస్టు 1 నుంచి యూపీఐలో తమరు ఉదయం పదింటిలోపు, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి అయిదు వరకు, రాత్రి తొమ్మిదిన్నర దాటాక మాత్రమే సంచరించాలని ఎన్‌పీసీఐ నిర్ణయించింది. మొదటి ప్రయత్నం విఫలమైతే మరో మూడుసార్లు రావచ్చట. మా ఊళ్ళో అప్పులవాళ్ళు కూడా వర్జ్యం చూసుకుని వచ్చేవారని పెద్దలు చెప్పేవారు. వాళ్ళు ఇంట్లో ఎవరూ లేరంటే మాత్రం మరునాటికి వాయిదా వేసుకునేవారు.

వదిలించుకోవడం దగ్గరే అసలు తిరకాసు ఉంది, కనుక ఇక్కడ కొంచెం నిలబడతాను. ఫోన్‌లోంచి యాప్‌ను తీసేస్తే సబ్‌స్క్రిప్షన్ పోయిందని చాలామంది అనుకుంటారు, పోదు. సబ్‌స్క్రిప్షన్ రద్దు చేస్తే మాండేట్ పోయిందని మరికొందరు అనుకుంటారు. అదీ పోయిందో లేదో చూసుకోవాల్సిందే. సిప్ ఆపితే దాని కోసం ఇచ్చిన బ్యాంకు మాండేట్ అలాగే ఉండిపోవచ్చు. పైగా రెండు వేల సిప్ కోసం ఇచ్చిన ఆ మాండేట్ మీద యాభై వేలో లక్షో గరిష్ఠ పరిమితిగా రాసి ఉండవచ్చు. ఇంటి అప్పు తీరిపోయి కాగితాలు చేతికొచ్చాక కూడా నాచ్ మాండేట్ మూలన బతికే ఉండవచ్చు. అప్పు తీరిందని ఇచ్చే నిరభ్యంతర పత్రం అడిగే రోజునే దాని రద్దు కూడా రాతపూర్వకంగా అడగాలి. సేవ, మాండేట్, యాప్ మూడూ మూడు వేర్వేరు ప్రాణులని తమరు ఎవరికీ చెప్పరు. సేవను దాని సొంత యాప్‌లో రద్దు చేయాలి; మాండేట్‌ను యూపీఐ యాప్‌లోని ఆటోపే విభాగంలోనో, కార్డు ఇచ్చిన బ్యాంకు వారి పేజీలోనో, నాచ్ అయితే నెట్‌బ్యాంకింగ్‌లోనో శాఖలోనో విడిగా రద్దు చేయాలి; రద్దయినట్టు చూపే తెరను స్క్రీన్‌షాట్ తీసి దాచుకోవాలి. వరస కూడా ముఖ్యమే: ముందు సేవ, తరవాత మాండేట్. మాండేట్‌ను మాత్రమే తెంచి ఊరుకుంటే బాకీ ఉన్నారని వాళ్ళు నోటీసులు పంపవచ్చు.

అప్పుల విషయంలో ఈ కత్తెరను అసలు వాడకూడదు. మాండేట్ రద్దయినంత మాత్రాన బాకీ రద్దు కాదు. ఖాతాలో డబ్బు లేక వాయిదా తిరిగిపోతే ఇటు బ్యాంకు జీఎస్టీతో కలిపి ఒక రుసుము కోస్తుంది, అటు అప్పిచ్చినవారు మరొకటి వేస్తారు, అప్పులు ఎంత సరిగా కడుతున్నామో చూపే సిబిల్ స్కోరు మీద మచ్చ వేరు. చెక్కు బౌన్సయితే కేసు పడుతుందని మనవాళ్ళందరికీ తెలుసు. 2007 నాటి చెల్లింపుల చట్టంలోని 25వ సెక్షన్ తమరి బౌన్సుకు కూడా రెండేళ్ళ దాకా జైలు శిక్షను రాసిపెట్టిందన్న సంగతి మాత్రం ఎందరికో తెలియదు. ఒక్క రూపాయి యాప్‌కూ ఇంటి అప్పుకూ ఒకే ముఖంతో, ఒకే చిరునవ్వుతో తమరు రావడం వల్లనే ఈ తేడా జనానికి తెలియకుండా పోతోంది.

ఎవరైనా మోసగాడు కార్డు వివరాలు కాజేసి డబ్బు లాగితే, 2017 జూలై నాటి రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ప్రకారం, తప్పు మనదీ బ్యాంకుదీ కానప్పుడు, కబురు అందిన మూడు పనిదినాల్లో ఫిర్యాదు చేస్తే నష్టం మన మీద పడదు. తమరి దగ్గర ఆ దారి మూసుకుపోతుంది, ఎందుకంటే తమరికి అనుమతి మనమే ఇచ్చాం. మరచిపోయిన అనుమతి కూడా అనుమతేనట. ఇంగ్లండులో 1964లో పుట్టిన తమరి పెద్దన్న డైరెక్ట్ డెబిట్ గారు ఇంతకంటే పెద్దమనిషి. పొరపాటున ఎక్కువ కోశారని ఖాతాదారు బ్యాంకుకు చెబితే, ఆ సొమ్ము మొత్తం వెంటనే తిరిగి ఇస్తామన్న హామీ అక్కడి బ్యాంకులు ఇచ్చాయి. లండనులో కౌన్సిల్ పన్ను కడుతున్న మన పిల్లలు ఆ హామీ మీద ధైర్యంగా నిద్రపోతున్నారు. అక్కడ కూడా కార్డు మీద కోసే చందాలకు ఆ హామీ వర్తించదనుకోండి; తమరి వంశలక్షణం ఎక్కడో ఒకచోట బయటపడక తప్పదు.

మరొక సంగతి రాయడానికి చెయ్యి ఆడటం లేదు గాని, రాయక తప్పదు. ఖాతాదారు కాలం చేసినా తమరి కొలువు ఆగదు. పదో రోజు కార్యక్రమానికి బంధువులు భోజనాలకు కూర్చున్న వేళ, ఆయన ఫోన్ మోగి "ప్రియమైన ఖాతాదారు" అన్న సంబోధనతో రేపు కోత ఉందని తమరు కబురు పెడతారు. బ్యాంకుకు మరణ ధ్రువీకరణ పత్రం అందేదాకా తమరి దృష్టిలో ఆయన సజీవుడే, సంగీతప్రియుడే. ఆయన ఖాతాలో ఏయే మాండేట్లు ఉన్నాయో భార్యాబిడ్డలకు తెలియదు, ఎందుకంటే బీరువాలో దస్తావేజులు పెట్టినట్టు ఎవరూ తమరి జాబితాను రాసిపెట్టరు. ఆపవలసినవాటి మాట అలా ఉంచి, ఆపకూడని బీమా ప్రీమియం ఒకటి ఇంట్లో మరొకరి పేర ఆ ఖాతా నుంచే పోతుంటే, ఖాతా స్తంభించిన నెలలో అదీ తిరిగిపోతుంది.

కనుక తమరిని కొలువులోంచి తీసెయ్యడం లేదు, షరతులు మార్చుతున్నాను. ఇకమీదట తమరు జీతం పడే ఖాతా గడప తొక్కరాదు. తమరి కోసం వేరే ఒక చిన్న ఖాతా తెరిచి, నెలకు కావలసినంత మాత్రమే అందులో వేస్తాను. తమరి చేయి అంతవరకే చాచుకోవచ్చు. అప్పులూ బీమా ఆ ఖాతాలో ఉంటాయి. సినిమాలూ పాటలూ నెల నెలా నేనే చేత్తో కట్టుకుంటాను, కట్టడం మరచిపోతే ఆ నెల సినిమాలు చూడను. ముగింపు తేదీ లేని మాండేట్‌కూ, అసలు మొత్తానికి మించిన గరిష్ఠ పరిమితికీ నా పిన్ పడదు. ఇంట్లో డైరీ చివరి పేజీలో తమరి జాబితా రాసి పెట్టి, ఆ పేజీ ఎక్కడుందో ఇంట్లోవాళ్ళకు చూపిస్తాను. రద్దు చేశాక కూడా తమరు వచ్చి కోసుకుంటే ముందు బ్యాంకుకు రాస్తాను. 30 రోజుల్లో బదులు రాకపోయినా, వచ్చిన బదులు తృప్తినివ్వకపోయినా, బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాస్తాను. మాండేట్ రద్దు చేసిపెడతామంటూ ఫోన్ చేసి పిన్ అడిగే పరోపకారులకు మాత్రం సైబర్ మోసాల మీద ఫిర్యాదు చేసే 1930 నంబరే సమాధానం. రద్దు చేసే పేరిట ఇంకో మాండేట్ రాయించుకునేవాళ్ళు తమరి శిష్యకోటిలో తక్కువేం లేరు.

ఇట్లు,
తమరి యజమాని అని చెప్పుకోవడానికి ఇంకా ప్రయత్నిస్తున్న
ఒక ఖాతాదారు

తా.క.: ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలు, జీవన్ జ్యోతి బీమాకు 436 రూపాయలు తమరే మే నెలాఖరున కోసుకుంటారు. రెండింటికీ తలా రెండు లక్షల రక్షణ. కూలిపనికి పోయేవారి ఖాతాల్లో ఆ వారం 456 రూపాయలు లేకపోతే జూన్ 1 నుంచి ఆ రక్షణ ఉండదు. ఒక్క రూపాయి యాప్ కోసం మూడుసార్లు తిరిగి తిరిగి వచ్చే తమరు, మే చివరి వారంలో ఆ ఇళ్ళకు కాస్త ముందుగా, తెలుగులో, పెద్ద అక్షరాలతో ఒక కబురు పెట్టగలరేమో చూడండి. ఆ ఒక్క కబురు నాకు ఎన్నిసార్లు వచ్చినా విసుక్కోను.